చర్చకు వచ్చిన కండువా

"యావన్మంది ఓటరు మహాజనులకు తెలియజేయడమేమనగా, మన ప్రియతమ శాసనసభ్యులు శ్రీ పెంచలనాయుడు గారు దొరువుపాళెంలో జరగబోయే బహిరంగ చర్చకు భయపడి రావడం లేదని ప్రతిపక్షం వారు చేస్తున్న ప్రచారం పచ్చి అబద్ధం. వారు ధైర్యంగానే రావడం లేదు."

1962 జనవరిలో నెల్లూరు పత్రికలో మూడో పేజీలో ఈ ప్రకటన అచ్చయింది. రాసినవాడు హజరత్తయ్య.

హజరత్తయ్య పుట్టింది ఆ దొరువుపాళెంలోనే. ఎస్సెల్సీ దాకా చదివి, వల పట్టనని భీష్మించి, నాయుడు గారి సంచీ పట్టినాడు. పట్టి పన్నెండేళ్ళు. ఆయన కోరిక పెద్దదేం కాదు. పంచాయతీ సమితి ఆఫీసులో అటెండరుగా గుమ్మం పక్కన ఒక స్టూలు. ఎండ తగలదు, ఉప్పునీళ్ళు తగలవు, లోపల గంట కొడితే లేవాలి, కొట్టకపోతే కూర్చోవాలి. "ఈ ఎలక్షను కానీరా, నీ స్టూలు నీదే" అని నాయుడు గారు మాటిచ్చి ఉన్నారు.

ఇంతలో ఈ చర్చ వచ్చి పడింది.

తెచ్చినవాడు జయకుమార్ ప్లీడరు. నాయుడు గారి మీద పోటీకి నిలబడినాడు. అమెరికాలో ప్రెసిడెంటు పదవికి పోటీ చేసిన ఇద్దరూ బొమ్మల రేడియోలో ఎదురెదురుగా నిలబడి వాదించుకున్నారనీ, దేశమంతా చూసి ఎవరు గట్టివాడో తేల్చుకుందనీ, మన జిల్లాలో కూడా అలాగే జరగాలనీ కరపత్రం వేసినాడు.

"బొమ్మల రేడియో అంటే ఏందిరా?" అని నాయుడు గారు అడిగినారు.

"మాట్లాడే మనిషి మొహం కూడా కనపడుతుందంటయ్యా."

"మొహం చూసి ఓటేస్తారా ఎవరన్నా? మరి మన దగ్గర ఆ రేడియో యాడుంది?"

"లేదు గనక దొరువుపాళెం ఇసకలో రెండు కుర్చీలు వేసి, మస్తానయ్య మైకు సెట్టు పెట్టి, తాటిచెట్టుకు హారను కడతారంట. ప్లీడరు వంతెన సంగతి అడుగుతాడంట."

వంతెన మాట వినగానే నాయుడు గారికి దగ్గు వచ్చింది. ఉప్పుకాలవకు అవతల దొరువుపాళెం, ఇవతల నెల్లూరు పోయే రోడ్డు. 1957లో వంతెన కట్టిస్తామని చెప్పి నాయుడు గారు ఇవతలి ఒడ్డున శంకుస్థాపన చేసినారు. ఆ రాయి ఐదేళ్ళుగా ప్రజలకు ఉపయోగపడుతూనే ఉంది. చేపల గంపలు మోసే ఆడవాళ్ళు దాని మీద గంప దించి తల మీది చుట్టకుదురు సర్దుకుంటారు.

నాయుడు గారు చర్చను ఒక్కసారిగా కాదనలేదు. అది వారి స్వభావం కాదు. మొదట, తన గొంతు ప్రజల సొత్తనీ, దాన్ని ఒక్క ఊళ్ళో ఖర్చు పెట్టే హక్కు తనకు లేదనీ చెప్పించినారు. తర్వాత, చర్చ అంటే ఇద్దరూ సమానమవ్వాలనీ, పోయినసారి తనకు ముప్పైవేల ఓట్లు వచ్చినాయనీ, ప్లీడరు కూడా ముప్పైవేలు తెచ్చుకుని వస్తే కూర్చుంటాననీ కబురు పెట్టినారు. ఆఖరికి, తూర్పు దిక్కు ప్రయాణం పనికిరాదని జ్యోతిష్కుడి చేత రాయించినారు. సముద్రం ఎటూ తూర్పునే ఉంది గనక ఆ కారణం మాత్రం శాశ్వతంగా నిలబడేటట్టు కనిపించింది.

అయినా ప్లీడరు ఊరుకోలేదు. కుర్చీ ఖాళీగా పెట్టి, ఆ ఖాళీ కుర్చీని అందరికీ చూపిస్తానన్నాడు.

"ఖాళీ కుర్చీ ఉండకూడదు. నేను పోకూడదు. నేను పోకుండానే పోయినట్టు ఉండాల. ఆలోచించరా!" అన్నారు నాయుడు గారు.

హజరత్తయ్య తల గోక్కున్నాడు. "మా పాళెంలో ఒక కట్టు ఉందయ్యా. పంచాయితీ పెట్టిన రోజు మనిషి వేటకు పోయి సముద్రం మీద ఉంటే, ఇంట్లోవాళ్ళు ఆయన తలగుడ్డ తెచ్చి ఆయన కూర్చునే చోట పెడతారు. గుడ్డ వస్తే మనిషి వచ్చినట్టే. ఎవరూ రాలేదనడానికి లేదు."

నాయుడు గారు లేచి నిలబడి తన జరీకండువా తీసి హజరత్తయ్య చేతిలో పెట్టినారు. "పో. రేపు నేనక్కడికి పోతున్నా."

"కానీ ఇంకో మాట ఉందయ్యా."

"చెప్పు."

"గుడ్డకు నోరుండదు గదయ్యా. మూడుసార్లు అడిగినా కాదనకపోతే ఒప్పుకున్నట్టే. ఒప్పుకున్న పనికి గుడ్డ తెచ్చినవాడు పూచీ. సొంతదారు తన కాళ్ళ మీద వచ్చి గుడ్డ విడిపించుకునేదాకా తెచ్చినవాడు ఊరు దాటకూడదు. అందాకా ఆ పని వాడే చెయ్యాల."

నాయుడు గారు చిరునవ్వు నవ్వినారు. "ఒప్పుకుంటే ఏమవుద్దిరా? నేను ఎన్ని ఒప్పుకోలేదు! ఎలక్షనయిన మర్నాడే వచ్చి విడిపించుకుంటా. అటునుంచి అటే పోయి నీ స్టూలు ఎక్కు."

ఆ మాటతో హజరత్తయ్యకు ధైర్యం వచ్చింది. పన్నెండేళ్ళు సంచీ మోసినవాడికి అంతకంటే ఏం కావాలి?

మర్నాడు కండువా జీపులో బయలుదేరింది. ముందు సీటులో కండువా, వెనక సీటులో హజరత్తయ్య. ఇందుకూరుపేటలో పార్టీవాళ్ళు జీపు ఆపి కండువాకు పూలదండ వేసినారు. ఒక పెద్దమనిషి దానికి అర్జీ కూడా ఇచ్చినాడు.

కాలవ దగ్గర పడవ ఉంది గాని గెడ వేసి దాన్ని నడిపే మనిషి లేడు. గెడ వేసే గంగులయ్య నిరుడు వలలు కుట్టుకుంటానని మానుకున్నాడు. అప్పటినుంచి ఎవరి తిప్పలు వాళ్ళవే. హజరత్తయ్య చొక్కా తడవకుండా తానే గెడ వేసుకుని అవతలికి చేరినాడు. ఒడ్డున వాళ్ళక్క అంకాలమ్మ చేపల గంపతో నిలబడి ఉంది.

"ఏందిరా తమ్ముడా, మీ అయ్యని ఉతికి మడతేసి తెచ్చినావా?"

"నవ్వబాకక్కా. గౌరవంగా మాట్లాడు. ఎమ్మెల్యే గారు."

"మరి ఎమ్మెల్యే గారికి కల్లు పొయ్యాల్నా, గంజి పెట్టాల్నా?"

సాయంత్రం నాలుగింటికి పాళెమంతా ఇసకలో కూర్చుంది. ఒక కుర్చీలో జయకుమార్ ప్లీడరు, ఒక కుర్చీలో కండువా. ప్లీడరు లేచి ఇది అన్యాయమన్నాడు, అక్రమమన్నాడు, ఇంగ్లీషులో మరో రెండు మాటలన్నాడు. పాళెం పెద్ద పోలేరయ్య చెయ్యెత్తినాడు.

"గుడ్డ వచ్చింది. మనిషి వచ్చినట్టే. తాతల నాటి కట్టు. మీరు కానీయండి ప్లీడరు గారూ."

ప్లీడరు గొంతు పెంచినాడు. "వంతెన కడతామని చెప్పి ఐదేళ్ళయింది. ఒక్క ఇటుక పెట్టలేదు. నిజమా, కాదా?"

మస్తానయ్య మైకు తెచ్చి కండువా ముందు పెట్టినాడు. హారను గుయ్‌మంది. పోలేరయ్య మూడుసార్లు అడిగినాడు. సముద్రపు గాలికి జరీ అంచు కొంచెం ఊగింది.

"ఒప్పుకున్నారు" అన్నాడు పోలేరయ్య.

పార్టీవాళ్ళు చప్పట్లు కొట్టినారు. తమ నాయకుడి పేరు చెప్పి ఎవరేమన్నా చప్పట్లు కొట్టడం వాళ్ళకు అలవాటు.

"వంతెన కోసం తోలిన కంకర మీ రైసుమిల్లు ప్రహరీకి పోయింది. నిజమా, కాదా?"

గుయ్. మూడుసార్లు.

"ఒప్పుకున్నారు."

మళ్ళీ చప్పట్లు.

ప్లీడరుకు చెమట పట్టింది. ఎదుటివాడు అబద్ధమంటాడనీ, అంటే తాను కాగితం తీసి చూపించాలనీ పదకొండు పేజీలు రాసుకుని వచ్చినాడు. అన్నిటికీ ఒప్పుకునే మనిషితో వాదించడం ఆయన లా కాలేజీలో నేర్పలేదు. ఏం చెయ్యాలో తోచక ఆ పదకొండు పేజీలూ వరసగా చదివేసినాడు. గంటన్నర పట్టింది. పిల్లకాయలు నిద్రపోయినారు.

"ఆ ప్లీడరు ఎంతసేపు వాగినాడమ్మా!" అన్నది ముసలి గురవమ్మ. "మన నాయుడు గారు చూడు. ఒక్క మాటకూ అడ్డం రాకుండా, కుర్చీలో కదలకుండా, ఎంత మర్యాదగా విన్నారో."

ఆఖరికి పోలేరయ్య లేచినాడు. "వంతెన కట్టేదాకా పాళెం జనాన్ని కాలవ దాటించే పూచీ నాయుడు గారిది. ఒప్పుకుంటారా?"

మూడుసార్లు అడిగినాడు. హజరత్తయ్య కండువా వంక చూసినాడు. అది ఆయన వంక చూడలేదు.

"ఒప్పుకున్నారు. అబ్బయా, గెడ తీసుకో."

కండువాను పడవ ముక్కుకు కట్టినారు. హజరత్తయ్య చొక్కా విప్పి అక్క చేతికిచ్చినాడు. ఎలక్షను ఇంకా ఇరవై రోజులే గదా అనుకున్నాడు.

ఎలక్షనులో నాయుడు గారు గెలిచినారు. దొరువుపాళెం ఓట్లన్నీ ఆయనకే. చేసిన తప్పులన్నీ నలుగురిలో కూర్చుని ఒప్పుకున్న నాయకుణ్ణి తామింతవరకు చూడలేదని పాళెం వాళ్ళు చెప్పుకున్నారు.

మర్నాడు హజరత్తయ్య తెల్లారకముందే స్నానం చేసి, చొక్కా తొడుక్కుని ఇవతలి ఒడ్డున శంకుస్థాపన రాయి మీద కూర్చున్నాడు. నాయుడు గారు రాలేదు. ఊరేగింపు ఉండి ఉంటుంది. ఆ మర్నాడూ రాలేదు. సన్మానాలు ఉండి ఉంటాయి. మూడో నాడు అంకాలమ్మ వచ్చి, "చొక్కా మాసిపోద్ది, ఇప్పురా" అని తీసుకుపోయింది.

హజరత్తయ్య నాయుడు గారికి ఉత్తరం రాసినాడు. "తమ విన్నపము పరిశీలనలో ఉన్నది" అని టైపు కొట్టిన జవాబు వచ్చింది. ఇంకొకటి రాసినాడు. అదే జవాబు, ఈసారి కార్బను కాపీ. వర్షాకాలానికి తెలిసిందేమంటే, సమితి ఆఫీసులో గుమ్మం పక్కన స్టూలు మీద నాయుడు గారి బావమరిది కూర్చున్నాడు. గంట కొట్టినా లేవడంట.

నాయుడు గారికి మాత్రం దొరువుపాళెం చర్చ కొత్త దారి చూపించింది. ఆనాటినుంచి పెళ్ళిళ్ళకు కండువా, బడి ప్రారంభోత్సవాలకు కండువా, తుఫాను బాధితుల పరామర్శకు రెండు కండువాలు. ఒకేరోజు తొమ్మిది ఊళ్ళు పర్యటించిన శాసనసభ్యుడిగా పత్రికలు ఆయన్ను మెచ్చుకున్నాయి. మిగతా ఊళ్ళవాళ్ళు కండువాను మడిచి పెట్టెలో దాచుకున్నారు. వాళ్ళకు దొరువుపాళెం కట్టు లేదు పాపం. ప్రగతి నివేదికలో, "దొరువుపాళెం వద్ద కాలవపై రవాణా సౌకర్యం కల్పించబడినది, ఒకరికి ఉపాధి కూడా లభించినది" అని అచ్చు వేసినారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఐదేళ్ళు గడిచినాయి. హజరత్తయ్య ఎండకు నల్లబడినాడు, భుజాలు బలిసినాయి. పడవ ముక్కున కండువాకు జరీ పోయి నారలు మిగిలినాయి.

1967లో మళ్ళీ ఎలక్షను వచ్చింది. మళ్ళీ జయకుమార్ ప్లీడరే నిలబడినాడు. మళ్ళీ దొరువుపాళెంలోనే చర్చకు పిలిచినాడు. ఈసారి ఒక్క పేజీయే రాసుకున్నానని ముందే చెప్పినాడు.

"కండువా పంపండి" అన్నారు నాయుడు గారు.

అంగట్లోంచి కండువా తేవడానికి మనుషులున్నారు, పాళేనికి తీసుకుపోవడానికి లేరు. ఒక కార్యకర్తకు గొంతు బాగాలేదు. "గెడకీ గొంతుకీ ఏంది సంబంధం?" అంటే, "పడవ మీద అరవాల గదయ్యా" అన్నాడు. ఇంకొకడికి తూర్పు దిక్కు ప్రయాణం పనికిరాదని జ్యోతిష్కుడు రాసిచ్చినాడు. అదే జ్యోతిష్కుడు. మూడోవాడు, "హజరత్తయ్య అంతటివాడు పోయిన చోటికి నేను సమానుడిగా ఎట్టా పోతానయ్యా" అని వినయంగా కాళ్ళకు దణ్ణం పెట్టినాడు. బావమరిదిని పంపుదామంటే స్టూలు దిగనన్నాడు.

పత్రికలో ప్రకటన వచ్చింది: "ఎవరెన్ని అడ్డంకులు కల్పించినా శ్రీ పెంచలనాయుడు గారు స్వయంగా చర్చకు విచ్చేస్తున్నారు."

జీపు కాలవ గట్టున ఆగింది. డ్రైవరును అక్కడే ఉండమని, కొత్త కండువా భుజాన వేసుకుని నాయుడు గారు ఒక్కరే దిగినారు. శంకుస్థాపన రాయి మీద తన పేరు చేపల పొలుసు కింద కనపడక కొంచెం బాధపడినారు. పడవ వచ్చింది.

"ఏం హజరత్తూ! మంచి ఆరోగ్యంగా ఉన్నావే!"

"తమ దయయ్యా. జాగర్తగా ఎక్కండి."

అవతలి ఒడ్డున మస్తానయ్య హారనులో నాయుడు గారి పేరు మోగుతోంది. జనం చెయ్యూపుతున్నారు. నాయుడు గారు కూడా చెయ్యూపినారు. పడవ కాలవ నడిమికి వచ్చింది.

"అయ్యా," అన్నాడు హజరత్తయ్య, గెడ ఆపి. "గుడ్డ విడిపించుకోడానికేనా తమరు వచ్చింది?"

ఎలక్షను రోజుల్లో నాయుడు గారు ఎవరు ఏమడిగినా లేదనరు. "అందుకే గదరా పనిగట్టుకుని వచ్చింది! నిన్ను మర్చిపోతానా?"

హజరత్తయ్య పోయి పడవ ముక్కున ఉన్న కండువా విప్పినాడు. రెండు చేతులతో పట్టుకుని, వంగి, కొత్త కండువా మీదుగా ఆయన మెడలో వేసినాడు. చప్పట్లు వినిపించినాయి. తర్వాత గెడ ఆయన చేతిలో పెట్టి, దణ్ణం పెట్టి, నీళ్ళలోకి దిగినాడు. రొమ్ముల్లోతు నీళ్ళు. ఇవతలి ఒడ్డుకు నడిచి వచ్చి, గుడ్డలు పిండుకుని, జీపులో ముందు సీటులో కూర్చున్నాడు.

"యాడికి పోవాలన్నా?" అన్నాడు డ్రైవరు.

"యాడికన్నా పోనియ్యి. ఎండ తగలని చోటికి."

అవతలి ఒడ్డున పోలేరయ్య కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసినాడు. కట్టు ప్రకారమే జరిగింది. గంప నెత్తిన పెట్టుకున్న అంకాలమ్మ, ఆమె వెనక గంపలతో ఇంకో పదిమంది ఆడవాళ్ళు నీళ్ళ దాకా దిగి వచ్చినారు.

"ఓ పడవా! తొందరగా రావయ్యా, నెల్లూరు బస్సు పోతుంది!"

నాయుడు గారు గెడ వంక చూసినారు. జనం వంక చూసినారు. అంతమంది ఒక్కచోట కనపడేసరికి ఆయనకు పాత అలవాటు వచ్చింది. గొంతు సవరించుకున్నారు.

"ప్రియమైన ఓటరు మహాజనులారా!"

పడవ మెల్లిగా, ఉన్నచోటనే, ఒక చుట్టు తిరిగింది.