పేలాల సీలింగ్ జోలికి రాకండి!

పాత ఇళ్ళ సీలింగులకు అంటుకుని ఉండే ఆ తెల్లటి పేలాలు మానవజాతికి దక్కిన వరమని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి. నవ్వేటప్పుడు మాత్రం తలెత్తకండి, నోట్లో రాలతాయి.

అమెరికాలోని మా డులూత్‌లో నా పెళ్ళినాటి కాలంలో కట్టిన ఏ ఇంట్లోనైనా వెల్లకిలా పడుకుని చూడండి. ఎవరో బస్తాడు పాప్‌కార్న్‌ను జిగురులో ముంచి పైకి విసిరికొట్టినట్టు ఉంటుంది. ఇప్పటి కుర్రకారుకు అది చూస్తే కంపరం! "ఇంకా గీకించలేదా?" అంటారు, మన ఒంటి మీద గజ్జి చూసినట్టు మొహం పెట్టి.

ఎందుకు గీకించాలండీ? మేస్త్రీ వంకరగా బిగించిన బోర్డులనూ, వాటి మధ్య పగుళ్ళనూ ఇన్నేళ్ళు కప్పిపెట్టింది ఎవరు? మా ఆయన పరువును నేను కూడా అంత జాగ్రత్తగా కాపాడలేదు! పైన సాలెగూడు పట్టిందని మీ అత్తగారు కనిపెట్టగలదా? గూడేదో, పేలమేదో సాలీడుకే తెలియదు! ఇక దుమ్ము సంగతి. తుడవడానికే వీల్లేనిదాన్ని తుడవలేదని ఎవరు దెప్పుతారు?

చప్పుడు మింగడంలో దానికి సాటి లేదు. మా పక్కింటి కెల్సీ మొన్న తన సీలింగ్ గుడ్డుపెంకులా నున్నగా చేయించింది. ఇప్పుడు వాళ్ళాయన హాల్లో తుమ్మితే ఒకసారి హాల్లో, ఒకసారి వంటింట్లో, ఒకసారి మా ఇంట్లో వినిపిస్తుంది. ఇంట్లో పోట్లాడుకుంటే మారుమోగుతోందని పాపం ఇద్దరూ వరండాలోకి వచ్చి పోట్లాడుకుంటున్నారు. వీధి వీధంతా కాఫీ కప్పులు పట్టుకుని వింటోంది.

ఇంత మేలు చేసే సీలింగ్ మీదికి మా ఆయన డ్వేన్ దండెత్తాడు.

తప్పు రిటైర్మెంటుది. ఓడరేవులో పని మానేశాక మనిషికి తోచలేదు. ఇంట్లో బిగించాల్సినవన్నీ బిగించాడు, తర్వాత విప్పాడు, మళ్ళీ బిగించాడు. ఒక ఆదివారం నేను చర్చి నుంచి మిగిలిన లెమన్ బార్స్, అదే నిమ్మరసం మిఠాయి, పట్టుకుని వచ్చేసరికి నడవలో నిచ్చెన. నిచ్చెన మీద మా ఆయన. చేతిలో గీకుడు కత్తి. నేలంతా మంచు కురిసినట్టు తెలుపు.

"ఏం చేస్తున్నావ్?"

"నున్నగా చేస్తున్నా."

"నిన్నెవరైనా అడిగారా?"

"అడక్కముందే చేస్తే మెచ్చుకుంటావనుకున్నా."

మెచ్చుకునేదాన్నేమో. కానీ ఆ పేలాలు కొట్టింది ఎవరో కూలివాళ్ళు కాదు. నా మరిది వెర్లిన్. అప్పట్లో అదే అతని వృత్తి, ఈ ఊళ్ళో సగం సీలింగులు అతని చేతి మీదుగా వెళ్ళినవే. మా ఇంటికైతే అన్నదమ్ములిద్దరూ కలిసి కొట్టారు. డ్వేన్ పిండి కలిపితే వెర్లిన్ గొట్టం పట్టుకుని చిమ్మాడు. జుట్టూ కనుబొమలూ తెల్లబడి, ఒకళ్ళనొకళ్ళు "తాతా" అని పిలుచుకుంటూ పడీపడీ నవ్వారు.

ఆ నవ్వులు చేపల గుడిసెతో పోయాయి. చలికాలంలో గడ్డకట్టిన చెరువు మీద పెట్టుకుని, లోపల కూర్చుని చేపలు పట్టే గుడిసె అది. డ్వేన్ తన చేత్తో కట్టుకున్నాడు. వెర్లిన్ అరువు తీసుకున్నాడు, వసంతం వచ్చినా తీయలేదు, మంచు కరిగి గుడిసె కాస్తా చెరువు అడుగుకు చేరింది. "మంచు తొందరపడింది" అన్నాడు వెర్లిన్. "నువ్వు తొందరపడలేదు" అన్నాడు డ్వేన్. అంతే! తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. మావాళ్ళు మర్యాదస్తులు కదా, మాట్లాడుకోవడం మానేశారు. ఎవరైనా చనిపోతే చర్చిలో చెరో మూల కూర్చుని బంగాళాదుంపల కూర తిని వెళ్ళిపోయేవారు. అతనుండేది ఓడరేవు మీది వంతెనకు అవతలే. ఆ వంతెన మాత్రం మా ఆయనకు సముద్రం.

కాబట్టి ఆ రోజు గీకుతున్నది పేలాలనో తమ్ముణ్ణో నాకు అనుమానమే.

సరిగ్గా అప్పుడే మా గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చిన కెల్సీ గుమ్మంలోనే కెవ్వుమంది. "డ్వేన్ గారూ, దిగండి! టెస్ట్ చేయించారా? ఆ కాలం సీలింగుల్లో రాతినార, అదే ఆస్బెస్టాస్, ఉంటుంది! ఊపిరితిత్తుల్లోకి పోతే ముప్పై ఏళ్ళ తర్వాతైనా జబ్బు బయటపడుతుంది!"

"నాకిక ముప్పై ఏళ్ళెక్కడివమ్మా?" అన్నాడు గానీ, దిగాడు.

నడవకు అటూ ఇటూ ప్లాస్టిక్ పట్టా కట్టేశాం. మర్నాడు ఒకాయన చంద్రుడి మీదికి వెళ్ళేవాడిలా తెల్లసూటూ ముసుగూ వేసుకొచ్చి, చిటికెడు పేలాలు తడిపి పట్టుకెళ్ళాడు. తర్వాత ఫోన్ చేశాడు. ఉందట. ఆ గీకినచోట మనుషుల్ని పెట్టి శుభ్రం చేయించి, అంచులు మూసేయాలట.

"మిగతాదో?" అని అడిగాను.

"దాన్ని కదపకండి. ముట్టుకోనంతకాలం ఏమీ చేయదు."

ఇదేదో మా అత్తవారి వంశానికి ఇచ్చిన సర్టిఫికెట్‌లా ఉందే అనుకుంటూ ఫోన్ పెట్టి, మా ఆయనకు చెప్పాను. జోకు వేస్తాడనుకున్నాను. వేయలేదు. కుర్చీలో కూర్చుని పైకి చూస్తూ ఉండిపోయాడు. నేను ఓవెన్‌లో వండిన హాట్‌డిష్ కూర చల్లారిపోయింది.

"వాడు ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోలేదు" అన్నాడు చివరికి.

"ఎవరు?"

"వెర్లిన్. మనదొక్క ఇల్లు. వాడు చేసినవి ఎన్ని ఇళ్ళో! రోజూ అదే పీల్చాడు."

తన ఊపిరితిత్తుల మాట గానీ, నావాటి మాట గానీ ఎత్తలేదు. ఫోన్ తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. అవతల వెర్లిన్ ఎత్తాక ఆ కబుర్లు వినాలి మీరు!

"నేను, డ్వేన్‌ని."

"ఊఁ."

"మీవైపు గాలెలా ఉంది?"

"వీస్తోంది."

"నీకు... ఊపిరి బాగానే ఆడుతోందా?"

"ఆడకపోతే ఫోనెలా ఎత్తుతాను? ఏమైందన్నా?"

ఆ "అన్నా" వినేసరికి మా ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. సంగతంతా నేనే చెప్పాను.

"పొద్దున్నే కాస్త దగ్గొస్తుంది వదినా" అన్నాడు వెర్లిన్. "కాఫీ తాగితే పోతుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాన్నాళ్ళయిందిలే."

మా ఆయన అప్పటికే ట్రక్కు తాళాలు వెతుకుతున్నాడు. వంతెన దాటాడు. తమ్ముణ్ణి బలవంతంగా ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఊపిరితిత్తుల అంచున పాత మచ్చలున్నాయనీ, ఇప్పటికి కంగారు లేదుగానీ ఏటేటా చూపించుకుంటూ ఉండాలనీ డాక్టర్ చెప్పింది. "సిగరెట్ మానేయాలి" అని కూడా అంది. "వీడు ముందు బద్ధకం మానాలి" అన్నాడట మా ఆయన. "గుడిసె సంగతి ఇంకా మర్చిపోలేదన్నమాట!" అన్నాడట వెర్లిన్. పాపం, ఆ డాక్టరుకు వీళ్ళెందుకు నవ్వుకుంటున్నారో అర్థమై ఉండదు.

ఇప్పుడు వెర్లిన్ శనివారాలు మా ఇంటికొచ్చి భోంచేస్తున్నాడు. కిటికీ పక్క మూలలో పేలాలు పలుచగా పడ్డాయని ఒకరు, పిండి నీళ్ళగా కలిపింది ఎవరని ఇంకొకరు. చెవులు చిల్లులు పడుతున్నాయి.

కనుక పాఠక మహాశయులారా, నేను చెప్పొచ్చేదేమంటే ఈ సీలింగులను ఉంచుకోవాల్సిందే! పంతం పట్టిన మా ఊరి పెద్దమనిషి ఒకడు సొంత తమ్ముణ్ణి "ఎలా ఉన్నావురా" అని అడగాలంటే ముందు ఇంటి నెత్తిన విషముందని తేలాలి, అధికారికంగా, తెల్లసూటు మనిషి చేత! నున్నటి సీలింగుల వాళ్ళు ఏ సాకుతో పలకరించుకుంటారో, పాపం, నాకు తెలియదు.