నీర్‌మహల్‌కు నీళ్ళు

రుద్రసాగర్ చెరువు నడుమ ఉన్న నీర్‌మహల్‌ను మహారాజులు ఎలా దర్శించేవారో తామూ అలాగే, పడవ మీదే దర్శిస్తామని మంత్రి నిఖిలేశ్ దత్తరాయ్ గారు అగర్తలాలో ప్రకటించారు. ఇలాంటి ప్రకటనకు గుండెధైర్యం కావాలి. ఎందుకంటే ఇది చైత్రమాసం. చైత్రంలో రుద్రసాగర్‌లో సగానికి పైగా నీళ్ళుండవు, వరి ఉంటుంది. వానాకాలంలో చేపలు పట్టే మావాళ్ళే, నీళ్ళు వెనక్కి తగ్గగానే చెరువు అడుగున బోరో అనే వేసవి వరి నాటుతారు. మహల్ మెట్ల దాకా మేకలు కూడా నడిచి వెళ్ళొస్తాయి.

మర్నాడే అధికారి సుప్రకాశ్ బాబు రేవులోని నా టీకొట్టుకు వచ్చారు. చదువుకున్న మనిషి. గ్లాసులో టీ సగం కాకముందే సమస్యను పరిష్కరించారు.

"నీళ్ళు నింపేద్దాం," అన్నారు.

"వరి ఉంది బాబూ," అన్నాను.

"ఎవరిది?"

ఊరందరికీ పిన్ని వరసైన మలినా మాసి అక్కడే బెంచీ మీద కూర్చుని మరమరాలు నములుతోంది. మొగుడు పోయాక ఆ ఒక్క మడే ఆమెకు ఏడాది తిండి.

"నాది," అంది. "ఇప్పుడిప్పుడే గింజ పాలు పోసుకుంటోంది. కాస్త గట్టిపడనీ, కోసుకుని నీకు అడ్డం లేకుండా పోతాను."

"పంట ఏటా వస్తుంది మాసీ. మంత్రిగారు వస్తారా?"

"రాకపోతే ఏం పోయింది?"

సుప్రకాశ్ బాబు ఆ ప్రశ్న విననట్టు ఉండగలిగారు. అందుకే ఆయన అంత పెద్ద ఉద్యోగంలో ఉన్నారు. ఆ సాయంత్రమే చెరువు నీళ్ళు బయటికి పోయే కాలువ తలుపులు దించి, నది నీళ్ళు లోపలికి వదిలారు. మంత్రిగారు వచ్చేసరికి వెన్నులతో సహా వరి మునిగింది. ఫోటోకు చాలా బాగుంది.

మంత్రిగారు దయచేశారు. లైఫ్ జాకెట్ మీద పూలదండ, దండ మీద కండువా. టీ ఫ్లాస్కు పట్టుకుని నేనూ పడవ ఎక్కాను. సగం దూరం పోయాక పడవ దేనికో చిక్కుకుంది. మంత్రిగారు నీళ్ళలో చెయ్యి పెట్టి ఒక వెన్ను పైకి తీశారు.

"ఇదేమిటయ్యా?"

"నాచు సార్. రాజుల కాలం నాటిది," అన్నారు సుప్రకాశ్ బాబు.

"గింజలున్నాయే?"

"మేలు రకం సార్."

అల్లంత దూరంలో మాసి నడుం లోతు నీళ్ళలో నిలబడి, మునిగిన పచ్చి వెన్నుల్ని చేత్తో తడిమి తడిమి కోస్తోంది.

"ఆవిడెవరు?"

"స్వచ్ఛంద సేవ సార్. మీరొస్తున్నారని నాచు తీస్తోంది."

"నాచు కాదు బాబూ, నా అన్నం," అంది మాసి, తల ఎత్తకుండానే.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. కెమెరాలు దగ్గరికి వచ్చేదాకా తుడుచుకోలేదు.

"ఇంత వరద వస్తే నాకొక్క మాట చెప్పరేమయ్యా? జనం మునిగిపోతుంటే నేను మహల్ చూస్తూ కూర్చుంటానా? తిప్పండి పడవ."

అక్కడికక్కడే రుద్రసాగర్‌ను వరద ప్రాంతంగా ప్రకటించి, సహాయ చర్యలకు ప్రత్యేకాధికారిగా సుప్రకాశ్ బాబును నియమించారు. అంత వేగంగా నిర్ణయాలు తీసుకునే నాయకుణ్ణి నేను చూడలేదు. మహల్‌ను ఆయనా చూడలేదు.

కార్లు వెళ్ళిపోయాక మాసి తడి చీరతోనే సుప్రకాశ్ బాబు ముందుకొచ్చి నిలబడింది.

"ఇక వెళ్ళిపోయారుగా, తలుపులెత్తించు బాబూ. నీళ్ళు పోతే కొంతైనా దక్కుతుంది."

"ఎలా మాసీ? ఢిల్లీ నుంచి బృందం వచ్చి వరద చూడాలి. నీళ్ళు తీసేస్తే వాళ్ళేం చూస్తారు?"

"వాళ్ళొచ్చేసరికి వరి కుళ్ళిపోతుంది."

"అదే కదా వాళ్ళు చూడాల్సింది," అన్నారు సుప్రకాశ్ బాబు.