అలీ సాహెబ్ సంచిలో ఏముంది?

సంచి ఎవరి చేతిలో ఉన్నా సంచే గానీ, సాయిబు చేతిలో ఉంటే మాత్రం వార్త అని వీడియో వార్తాలోకం ఏనాడో తీర్మానించింది. నరసరావుపేటలో కాలిన మోటార్లకు తీగ చుట్టే అలీ సాహెబ్ భార్య కుల్సుంకు ఈ తీర్మానం అందలేదు. అందుకని ఆ ఉదయం నిశ్చింతగా భర్త సంచి సర్దింది. టెస్టరు, కటింగ్ ప్లేయరు, నాలుగు టేపు చుట్టలు, రెండు లుంగీలు, గోంగూర పచ్చడి సీసా.

కోటప్పకొండ తిరునాళ్ళకు కొండకింది ఊరి ప్రభకు పద్దెనిమిదేళ్ళుగా దీపాలు కట్టేది అలీ సాహెబే. శివరాత్రికి కొండకు ఊరేగించే ఎనభై అడుగుల కర్రల కట్టడం, ఒళ్ళంతా బల్బులు. పది రోజులు అక్కడే మకాం.

“టోపీ పెట్టనా?”

“పెట్టవే, ఎండకి పనికొస్తది.”

మూడుపొద్దుల టీవీ (ఫోనులో మాత్రమే వచ్చే టీవీ) విలేకరి శశికాంత్ అలీ సాహెబ్ సంచి భుజాన వేసుకుని ప్రభ మీదికి నిచ్చెన ఎక్కుతుండగా వీడియో తీశాడు. మైనారిటీ మతాలవారిని చూపించడానికి ఆ ఆఫీసులో ఒక ఫారం ఉంది. అందులో రెండే గడులు: ఆదర్శం, అనుమానం. (‘మామూలు మనిషి’ అని మూడో గడి పెట్టమని ఎవరో అర్జీ పెట్టారట. చూసేవాళ్ళు ఉండరని కొట్టేశారు.)

పొద్దున ఆదర్శం గడిలో టిక్కు పడింది. వెనక వీణ మోగింది. ‘మతసామరస్యానికి మారుపేరు!’ వీడియోను నూటపన్నెండు సార్లు చూశారు. అందులో నలభై సార్లు కుల్సుమే.

సాయంత్రానికి అదే వీడియోకు వీణ తీసేసి డప్పు వేశారు. సంచి చుట్టూ ఎర్ర గుండ్రం గీశారు. ‘ప్రభ ఎక్కిన సాయిబు! ఆ సంచిలో ఏముంది?’ నాలుగు లక్షల మంది చూశారు.

కుల్సుం కూడా చూసింది. వాళ్ళు అడిగింది సూటి ప్రశ్నే, జవాబు తనకు తెలుసు. వీడియో కింది నంబరుకు ఫోను చేసింది.

“అయ్యా, ఆ సంచి సర్దింది నేనే. టెస్టరు, ప్లేయరు, టేపు, పచ్చడి, రెండు లుంగీలు. అంతేనయ్యా.”

“ఇంకేమన్నా దాస్తన్నావా అమ్మా?”

“ఆఁ, టోపీ! మర్చేపోయా.”

“చానా థాంక్సమ్మా,” అన్నాడు శశికాంత్. మర్యాదస్తుడు.

గంటలో మూడో వీడియో వచ్చింది. ‘భార్య వాంగ్మూలం! టోపీ సంగతి ముందు ఎందుకు దాచింది? లుంగీలు రెండెందుకు?’ ఒక్క లుంగీతో పది రోజులు ఎలా గడపవచ్చో చెప్పడానికి విశ్లేషకుడు శ్రీమన్నారాయణను కూర్చోబెట్టారు. (ఆయన ప్యాంటులో వచ్చారు.)

మర్నాడు ప్రభ కమిటీ పెద్ద యల్లమంద స్వయంగా బండి మీద అలీ సాహెబ్‌ను ఇంటికి తెచ్చి దించాడు.

“అత్తా, మావని నేను అనుమానిస్తానా? నా పెళ్ళికి సీరియల్ లైట్లు కట్టింది ఆయనే. కుర్రోళ్ళు ఫోన్లు పట్టుకుని మీద మీదకొస్తన్నారు. ఈ ఒక్క ఏడాదికి ఆగమను.”

“ఆ పచ్చడి సీసా చూపించకపోయావా, నాయనా?”

“చూపిచ్చా. దాన్నీ వీడియో తీశారు.”

అలీ సాహెబ్ సంచి గోడకు తగిలించి అన్నాడు: “ఒరేయ్, పైనించి మూడో వరసలో నీలం తీగ వదులుగా ఉంది. కొత్తోడికి చెప్పు.”

యల్లమంద చెప్పడం మర్చిపోయాడు. శివరాత్రికి ప్రభ సగమే వెలిగింది. ‘దీపాలు ఆర్పిందెవరు?’ అని నాలుగో వీడియో వచ్చింది. గుండ్రం గీయడానికి మనిషి దొరక్క ఖాళీ నిచ్చెన చుట్టూ గీశారు.

ప్రభ ఏటా కొండకు పోయి వస్తోంది. శశికాంత్ ఏటా ఊరికి వచ్చి పోతున్నాడు. అలీ సాహెబ్ మాత్రం 2023 శివరాత్రి నుంచి ఆ ఊరికి తిరిగి రాలేదు.