ప్రాగ్‌లో తాగని బీరు

దశరథ ఆ ఉదయం వేసుకున్న పథకంలో ఎక్కడా చిక్కు లేదు. ఎల్బీనగర్‌లో తన రంగుల దుకాణం తాళంచెవి భార్య విజయశ్రీ చేతిలో పెట్టి, రంగుల కంపెనీ ఖర్చుతో విమానమెక్కి ప్రాగ్ వెళ్లాలి. మంచు చూడాలి, నాలుగు ఫోటోలు దిగాలి, ఇచ్చిన మాట చెడకుండా తిరిగి రావాలి. డిసెంబరు చలికి అందరూ స్వెట్టర్లు సర్దుకుంటుంటే, అతనికి మాత్రం ఆ మాట గురించే బెంగ.

మాట ఏమిటంటే, సకల జనుల సమ్మె రోజుల్లో చౌరస్తా దగ్గర ఉద్యమ శిబిరంలో ఒక్కొక్కరూ మైకు పట్టుకుని ఒట్లు పెట్టుకున్నారు. కొందరు గడ్డం గీయబోమన్నారు, కొందరు చెప్పులు తొడగబోమన్నారు. దశరథ లేచి, "తెలంగాణ వచ్చేదాక బీరు ముట్ట!" అన్నాడు. అతని సంగతి తెలిసిన ఎల్బీనగర్ మొత్తం ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. శిబిరం నడిపే ఆటో యూనియన్ పెద్ద మట్టయ్య కండువాతో కళ్లొత్తుకున్నాడు. అంతటి త్యాగం చేసినవాణ్నే వర్తకుల కమిటీకి కన్వీనర్‌ని చేయాలని అక్కడికక్కడే నిర్ణయించారు. కొత్త సంవత్సరంలో పేరు ప్రకటించడమే తరువాయి.

ప్రాగ్‌లో దశరథ గదిలో ఉపేంద్ర దిగాడు. గుడివాడ నుంచి వచ్చి స్థిరపడి దిల్‌సుఖ్‌నగర్‌లో అదే కంపెనీ రంగులు అమ్మేవాడు. రాష్ట్రం విడిపోదని రోజూ ఫోన్ చేసి మరీ చెప్పేవాడు. ఆ ఒక్కటి తప్పిస్తే ఇద్దరూ ప్రాణ స్నేహితులు. అయితే అతనికీ ఇంటి నుంచి ఒక ఆంక్ష ఉంది. కిందటేడు కంపెనీ గోవా తీసుకెళ్తే, బీరు మత్తులో తన సూట్‌కేసు వదిలేసి ఎవరో పెళ్లికూతురి సూట్‌కేసు ఇంటికి తెచ్చాడు. దాన్ని తెరిచింది అతని భార్య భావన. ఈసారి చుక్క ముట్టనని ఆమెకు మాటిచ్చాకే అతని పాస్‌పోర్టు బీరువాలోంచి బయటికి వచ్చింది.

రెండో రోజు కంపెనీవాళ్లు అందరినీ ఒక పాత బీరు కర్మాగారానికి తీసుకెళ్లారు. ఊళ్లో తయారయ్యే బీర్లన్నీ రకానికొక గ్లాసు చొప్పున బల్ల మీద పేర్చారు. బయట మంచు, లోపల నురగ. దశరథ నారింజ రసం తెప్పించుకున్నాడు.

"తాగను గని, ఇంత దూరమొచ్చి దీని సంగతి తెల్వకుండ మాత్రం పోను. నువ్వు తాగి చెప్పు, నేను వాసన చూస్త," అన్నాడు పట్టుదలగా.

"భావనకి తెలిస్తే చంపేస్తుందయ్యా!" అని, ఉపేంద్ర ఒక గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు. "అయినా ఆవిడ వద్దన్నది తాగడం కదా. ఇది రుచి చూడటం."

"ఎట్లున్నది?"

"ముందు చేదుగా ఉంది. తర్వాత కూడా చేదుగానే ఉంది."

"గట్ల చెప్తే నాకేం సమజైతది? మన కల్లు తీర్గ ఉన్నదా?"

"పొద్దెక్కిన తాటికల్లులాగా... ఉండు, ఇంకో గుక్క వేస్తే గానీ చెప్పలేను."

అలా స్నేహితుడికి సరిగ్గా చెప్పాలన్న తపనతో ఉపేంద్ర గ్లాసు వెంట గ్లాసు ఖాళీ చేశాడు. నల్లబీరు దగ్గర ఇద్దరికీ వాదన వచ్చింది. కాల్చిన మొక్కజొన్న కంకి వాసనని ఉపేంద్ర, కాదు మాడిన బెల్లమని దశరథ. తన మాట నెగ్గించుకోవడానికి దశరథ ఉపేంద్ర పట్టుకున్న పెద్ద మగ్గులోకి ముక్కు పూర్తిగా దించాడు. పైకి లేచేసరికి మీసం నిండా నురగ.

సరిగ్గా అప్పుడే కంపెనీ ఆఫీసరు చక్రపాణి కెమెరా ఎత్తాడు. "సార్, ఇటు చూడండి! స్మైల్!"

ఉపేంద్రకు కెమెరాలో భావన కనిపించింది. రెప్పపాటులో మగ్గు దశరథ చేతిలో పెట్టి, నారింజ రసం తను లాక్కున్నాడు. ఆ తర్వాత ప్రాగ్‌లో ఎక్కడ కెమెరా లేచినా గ్లాసులు చేతులు మారాయి. పోనీలే, స్నేహితుడి సంసారం బాగుంటుంది కదా అని దశరథ సరిపెట్టుకున్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పనని కూడా మాటిచ్చాడు. మాటలివ్వడంలో అతనికి ముందునుంచీ చెయ్యి పెద్దది.

కొత్త సంవత్సరం మొదట్లో ఎల్బీనగర్ తిరిగొచ్చిన మర్నాడు చాక్లెట్ల పొట్లంతో ఉత్సాహంగా శిబిరానికి వెళ్లాడు. ఎవరూ చెయ్యి చాపలేదు. మట్టయ్య రోడ్డు అవతలికి వేలు చూపించాడు. అక్కడ ఇంత పొడవు ఫ్లెక్సీ కట్టి ఉంది. "ప్రాగ్ విహారం చేసిన మా డీలర్లకు అభినందనలు" అనే అక్షరాల కింద, అందరికంటే ఎక్కువ రంగులమ్మినందుకు దశరథ బొమ్మ మధ్యలో పెద్దగా వేశారు. చేతిలో మగ్గు, మీసం మీద నురగ. పక్కనే ఉపేంద్ర, నారింజ రసంతో, బుద్ధిమంతుడిలా.

"నేను తాగలె, మట్టయ్యన్నా. వాసన చూసిన, అంతే."

"మీసంతోని వాసన చూస్తరా? మరి ఆ గ్లాసు ఎవరిది?"

"గదొక్కటి చెప్పరాదన్నా. మాటిచ్చిన."

"నీ మాటకు పానం బెట్టినోళ్లమే మేము. పొద్దుమూకేదాక చూస్త. సంగతేందో చెప్తే చెప్పు, లేకుంటె కన్వీనర్‌గ ఇంకోల్ల పేరు చదువుత. నీ ఒట్టు తప్పిందని గూడ మైకుల చెప్త."

దశరథకు ఏడుపొక్కటే తక్కువ. పదవి పోతే పోనీ, చెయ్యని తప్పుకు నలుగురిలో మాట తప్పినవాడు అనిపించుకోవడం అతనికి కత్తికోతలా ఉంది. చక్రపాణికి ఫోన్ చేస్తే, ఫ్లెక్సీ బాగా వచ్చిందా సార్ అని అడిగాడు. ఇక లాభం లేదని తన విద్యనే నమ్ముకున్నాడు. దుకాణంలో మంచి చాయ్ రంగు కలిపి, శిబిరంలో వాళ్లు భోజనాలకు లేచిన సమయం చూసి నిచ్చెన వేసుకుని, మగ్గులో ఉన్నది చాయ్ అనిపించేలా పూశాడు. రంగు బాగానే పట్టింది. పైన నురగ మాత్రం అలాగే మిగిలింది.

"అరె, పొద్దుగాల లైట్ ఉండె, ఇప్పుడు స్ట్రాంగ్ అయిందిరో!" అని కింద నుంచి ఎవరో అరిచారు.

మట్టయ్య నిచ్చెన పట్టుకుని పైకి చూశాడు. "తప్పు చెయ్యకుంటె రంగెందుకు పూస్తున్నవ్, దశరథా?"

విజయశ్రీ ఈ గొడవంతా ఫోన్‌లో భావనకు చెప్పుకుని ఏడ్చింది. భావన ఊరుకునే మనిషి కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లోనూ ఆ ఫ్లెక్సీ కట్టారు. నారింజ రసం పట్టుకున్న మొగుణ్ని చూసి ఆమె ఉదయం నుంచీ పొంగిపోతోంది. ఉపేంద్ర తలనొప్పని ఎంత మొత్తుకున్నా వినకుండా వెంటబెట్టుకుని సాయంత్రానికి శిబిరం దగ్గర ఆటో దిగింది.

"అన్నయ్యగారూ, తప్పుగా అనుకోకండి. ఇద్దరూ ఒకే చోటికి వెళ్లారు కదా. మా వారు ఎలా ఉన్నారో చూడండి. మనిషికి నిగ్రహం ఉండాలండీ," అంది అందరి ముందూ.

దశరథ ఉపేంద్ర వైపు ఒక్కసారి చూసి, తల వంచుకున్నాడు. "నిజమే చెల్లెమ్మా," అన్నాడు.

మట్టయ్య మైకు అందుకున్నాడు. ఉపేంద్ర ఇక ఆగలేకపోయాడు. జీవితంలో మొదటిసారి తెలంగాణ శిబిరంలోకి చొరబడి మైకు లాక్కున్నాడు.

"ఆగండి! దశరథ చుక్క కూడా ముట్టలేదు. ఆ మగ్గు నాది. అతని వంతు కూడా నేనే తాగాను. ప్రాగ్‌లో ఉన్న రకాలన్నీ నేనే తాగాను!"

శిబిరం నోరు తెరుచుకుని విన్నది. మొదట తేరుకున్నది మట్టయ్యే. "చూసిన్రా!" అన్నాడు చెయ్యెత్తి. "నీళ్లల్ల మన వాటా పాయె, కొలువులల్ల మన వాటా పాయె. ఆఖరికి ప్రాగ్‌ల మన దశరథ వాటా బీరు గూడ ఆయనే తాగిండు!"

జై తెలంగాణ నినాదంతో చౌరస్తా దద్దరిల్లింది. దశరథను భుజాల మీదికెత్తారు. తన వాటా పోయినా ఒట్టు నిలుపుకున్న కన్వీనర్ అని పూలదండ వేశారు. ఆ పైనుంచే అతను స్నేహితుడికి దండం పెట్టాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

కింద భావన కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

"రోజూ ఫోన్‌లో ముట్టలేదన్నారు కదా?"

"రుచి చూశానంతే, భావనా..."

"మైకు మీ చేతిలోనే ఉందిగా. అన్నయ్యగారి ఒట్టే మీరూ పెట్టుకోండి. తెలంగాణ వచ్చేదాకా ముట్టనని."

ఉపేంద్ర హడలిపోయాడు. "అది ఎప్పటికీ రాదే!"

"తెలుసు. రోజూ మీరే చెబుతుంటారుగా. అందుకే పెట్టుకోమంటున్నా."

ఇంతమంది ముందు ఇక తప్పించుకునే దారి లేక ఒట్టు పెట్టాడు. చప్పట్లు దశరథకంటే అతనికే ఎక్కువ పడ్డాయి.

మర్నాటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దుకాణం ఆలస్యంగా తెరుచుకోసాగింది. యజమాని ముందు ఎల్బీనగర్ వచ్చి, శిబిరంలో పేపరంతా గాలించి, "ఢిల్లీలో ఏమైనా కదిలిందా మట్టయ్యగారూ? మీరు కాస్త గట్టిగా పట్టుబట్టండి," అని హెచ్చరించి వెళ్లేవాడు. తెలంగాణ ఆలస్యమవుతోందని ఎల్బీనగర్ శిబిరంలో అందరికంటే ఎక్కువగా విసుక్కున్నది సమైక్యవాది ఉపేంద్రే.