డ్రమ్ముకి ఎనిమిదో కన్నం

ఆ ఆదివారం ఉదయం ఏడు గంటలకి ఏసీ మెకానిక్కు పెరట్లో నిలబడి ఆ రోజు కార్యక్రమాన్ని భార్యకి వివరించాడు.

"ఇవాళ నువ్వు వంటింట్లో అడుగు పెట్టక్కర్లేదు. ఎనిమిదింటికి నిప్పు వేస్తా. పన్నెండున్నరకల్లా మేక తొడ కత్తి తగలకుండానే ఎముక నుంచి ఊడొస్తుంది. నువ్వు కంచాలు పెట్టుకుని కూర్చో, చాలు."

"అన్నం, పప్పు మాత్రం వండి పెడతాలెండి," అంది భార్య. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. మొగుడి ధీమా ఎంత పెరిగితే ఆ పూట పప్పు అంత అవసరమన్నది పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడ తేల్చుకున్న లెక్క.

పెరట్లో ఉన్నది రెండు వందల లీటర్ల ఇనప డ్రమ్ము. ఒకప్పుడు వంటనూనె మోసింది. మెకానిక్కు దాన్ని పాత ఇనప సామాన్ల కొట్లో కొని, లోపల మంట వేసి జిడ్డూ రంగూ పోయేదాకా కాల్చి, గరుకు కాగితంతో రుద్ది, అడుగున చుట్టూ నాలుగు కన్నాలు వేశాడు. కింద బొగ్గుల బుట్ట, పైన ఊచల చట్రం, దాని మీద మసాలా పట్టించిన మాంసం, ఆపైన మూత, మూతకి పొగ పోయే గొట్టం. పక్కన వేడి చూపించే మీటరు. సూత్రం తేలికే. కన్నాల్లోంచి గాలి సన్నగా వెళ్ళాలి, బొగ్గు నెమ్మదిగా రాజుకోవాలి, నూట ఇరవై డిగ్రీల దగ్గర మాంసం గంటల తరబడి పొగలో మగ్గాలి. ఊళ్ళో సగం ఇళ్ళని చల్లబరిచినవాడికి ఒక్క డ్రమ్ముని వేడెక్కించడం ఎంతసేపు!

ఈ తాపత్రయమంతా మామగారి కోసం. ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు. కూతురింటికి వచ్చి మూడు వారాలైంది. అల్లుడి చేతి పని ఏది చూపించినా "ఊఁ" అంటారు. రెండో అక్షరం ఇంతవరకూ ఆయన నోట రాలేదు.

తొమ్మిదింటికి మీటరు డెబ్బై దగ్గర చతికిలబడింది. మెకానిక్కు మూత తీసి చూశాడు. ఐదు నిమిషాలాగి మళ్ళీ తీశాడు. మూడోసారి తీస్తుండగా బావమరిది వచ్చాడు. అతను ఇన్సూరెన్సు ఏజెంటు. తెలియని సంగతి మీదైతే మరీ ధాటిగా మాట్లాడతాడు.

"దానికి ఊపిరాడట్లేదు బావా. ఇంకో నాలుగు కన్నాలు కొట్టండి."

డ్రిల్లింగ్ మిషన్ వచ్చింది. ఎనిమిదో కన్నం పడగానే డ్రమ్ము బుస్సుమంది. మీటరు రెండు వందలు దాటింది. కంగారుపడి కన్నాలకి ఏసీ గొట్టాలకి చుట్టే వెండి టేపు అంటించారు. అది వేడికి చుట్టచుట్టుకుని రాలిపోయింది. బావమరిది వంటింట్లోకి పరిగెత్తి అక్క కలిపి పెట్టిన గోధుమపిండి ముద్ద పట్టుకొచ్చాడు. ఎనిమిది కన్నాలూ మూసుకున్నాయి. మీటరు అరవైకి పడింది. నిప్పుకి గాలాడక డ్రమ్ము తెల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది.

గోడ అవతల నుంచి పక్కింటి దర్జీ కేక వేశాడు. "మెకానిక్కు గారూ! పెళ్ళికూతురి గౌను ఆరేశానండీ! పొయ్యి వాసనేస్తే పెళ్ళికొడుకు చర్చిలోంచి లేచిపోతాడు!"

"రెండే నిమిషాలు! మీ వైపు రాకుండా చేస్తా!" అన్నాడు మెకానిక్కు. వ్యానులోంచి ఏసీకి వేసే మెత్తటి రేకు గొట్టం తెచ్చి పొగ గొట్టానికి తగిలించి, గోడ వెంట డాబా మీదికి పాకించి, మధ్యలో కిటికీ ఊచలకి తీగతో కట్టాడు. ఆ కిటికీ మామగారి గదిది. లోపల ఆయన పేపరు చదువుకుంటున్నారు.

బావమరిది మళ్ళీ మూత ఎత్తి మాంసాన్ని ఫోర్కుతో పొడిచి చూశాడు. "ముదురు సరుకు బావా. ఓ పట్టాన లొంగే రకం కాదు. పొగ గట్టిగా పెట్టాలి."

"పెడుతున్నాగా! ఎంత మొండిఘటమైనా పన్నెండున్నరకల్లా కదలాల్సిందే."

లోపల పేపరు చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. బయట ఇద్దరూ పట్టించుకోలేదు. అంతలో కట్టిన తీగ వదులై, రేకు గొట్టం జారి, దాని మూతి తిన్నగా కిటికీలోకి దూరింది.

రెండు నిమిషాల తర్వాత మామగారు దగ్గుకుంటూ పెరట్లోకి వచ్చారు. కాళ్ళకి బూట్లున్నాయి.

"పొమ్మనలేక పొగబెట్టడమని సామెత వినడమే గానీ, గొట్టం వేసి మరీ పెడతారని నాకు తెలీదు అల్లుడుగారూ."

ఎప్పుడూ 'అల్లుడూ' అనే మనిషి 'గారూ' తగిలించేసరికి మెకానిక్కు చేతిలోని పట్టకారు జారిపోయింది.

"అయ్యో నాన్నా! మేమన్నది మిమ్మల్ని కాదు, మేకని!" అన్నాడు బావమరిది.

"అంటే నాకు మేకపాటి మర్యాద కూడా లేదన్నమాట. దానికి కనీసం మసాలా రాశారు."

భార్య గరిటెతో బయటికొచ్చింది. "ఏవండీ, మా నాన్నని ముదురు సరుకన్నారా?"

"అన్నది మీ తమ్ముడు!"

"వింటూ నిలబడింది మీరేగా!"

"గొడవెందుకమ్మా," అన్నారు మామగారు. "పెట్టె సగం సర్దేశాను. రెండూ పదికి బండి ఉంది."

సర్దిచెప్పడం, అలగడం, బతిమాలడం అరగంట పైనే సాగింది. ఈలోగా దర్జీ తన మేడ మీంచి, మామగారి గది కిటికీలోంచి వస్తున్న పొగ చూశాడు. ఇల్లు అంటుకుందనుకున్నాడు. మొక్కలకి నీళ్ళు పెట్టే గొట్టం విప్పి, గురి చూసి, గదిలోకి వదిలాడు. గురి అద్భుతంగా కుదిరింది. మంచం మీద తెరిచి ఉన్న పెట్టె అంచుల దాకా నిండింది.

మామగారు గుమ్మంలో నిలబడి నీళ్ళలో తేలుతున్న చొక్కాలని చూశారు. ఒంటి మీదున్నవి తప్ప పొడిబట్ట లేదు. ఆయన వెనకే మెకానిక్కు వచ్చాడు.

"మామయ్యగారూ, నేను చెప్పదలుచుకుంటే నోటితోనే చెప్తాను. అదీ 'ఉండండి' అని. ఆ డ్రమ్ము మీకోసమే చేశా. మీరు ఒక్క మంచి మాట అంటారేమోనని ఆశ."

మామగారు నిజంగా ఆశ్చర్యపోయారు. "బాగోకపోతే చెప్తాను గానీ, బాగుంటే చెప్పడానికేముందయ్యా? ముప్పై ఆరేళ్ళు బళ్ళు నడిపించా. టైముకి వచ్చిన బండిని ఎవరైనా మెచ్చుకోగా నేను వినలేదు."

మాట మార్చడానికన్నట్టు ఆయన డ్రమ్ము దగ్గరికి వెళ్ళి మీటరు కేసి వంగారు. "ఇది ఎంత ఉండాలి?"

"నూట ఇరవై అండీ."

"నూట ఇరవైలోనే ఉందిగా."

నిజమే. పిండి ముద్దలు ఎండి నాలుగు కన్నాల దగ్గర ఊడిపడ్డాయి. పోట్లాటలో పడి ముప్పావుగంటగా ఎవరూ మూత ముట్టుకోలేదు. డ్రమ్ము తన పని తాను చేసుకుపోతోంది. బావమరిది మూత మీద చెయ్యి వేయబోయాడు.

"తియ్యకు!" మామగారి కేకకి మేడ మీద దర్జీ కూడా గొట్టం కట్టేశాడు. "పచ్చ జెండా ఊపాక బండిని ఆపి ఆపి ఎందాకా వచ్చిందో చూస్తార్రా?"

ఆయన కుర్చీ వేసుకుని డ్రమ్ము పక్కన కాపలా కూర్చున్నారు. పన్నెండున్నరకి అందరూ పప్పన్నం తిన్నారు. నాలుగింటికి ఆయనే లేచి మూత తీశారు. తొడ ఎర్రగా మెరుస్తోంది. ఎముక పట్టుకుని లాగితే ఒట్టి ఎముక చేతికొచ్చింది. దర్జీని కూడా పిలిచారు. గౌను మళ్ళీ ఉతికి వచ్చాడు కాబట్టి ఆకలి మీదున్నాడు.

మామగారు రెండోసారి కంచం చాపారు. "వచ్చే ఆదివారం ఎనిమిదింటికి కాదు అల్లుడూ, ఆరింటికే నిప్పు వేద్దాం. మీటరు సంగతి నేను చూసుకుంటా. నువ్వు మాత్రం ఆ డ్రిల్లింగ్ మిషన్ వ్యానులోనే ఉంచు."

'వేద్దాం' అన్న మాట దగ్గరే మెకానిక్కు ఆగిపోయాడు. ఆ సాయంత్రమంతా అతను పెరట్లో ఈల వేస్తూ తిరిగాడు.

సోమవారం ఉదయం కూతురు ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని మామగారు వీధి చివరి గ్రంథాలయానికి వెళ్ళి సభ్యత్వం తీసుకున్నారు, ఏడాదికి.