స్ఫూర్తిదాత మా బావగారు

అరవై దాటినవాళ్లకు ఈ లోకంలో దొరికే సుఖం ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు కలలో కూడా దొరకదు. నమ్మరా? అయితే ఒక్కసారి మీ ఊళ్లో జరిగే ట్రయథ్లాన్‌కు పేరివ్వండి. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి. కుర్రాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. మీకేం, మిమ్మల్ని లోకమే మోసుకుపోతుంది!

సాక్ష్యం మా బావగారు. వయసు అరవై ఆరు. గడియారాలు బాగుచేసే కొట్టు. కంటికి భూతద్దం తగిలించుకుని నలభై ఏళ్లుగా ఊరందరి టైమూ సరిచేస్తున్న మనిషి. నిరుడు ఈ పోటీని రెండు గంటల నాలుగు నిమిషాల్లో ముగించారు. ఆ నాలుగు నిమిషాలూ ఏడాది పొడవునా పంటికింద రాయిలా బాధించాయి. ఈసారి రెండు గంటల్లోపు రాకపోతే సైకిలు అమ్మేస్తానని శపథం పట్టారు. ఆ సైకిలు వల్ల వరండాలో నడవడానికి దారిలేని మా అక్కయ్య, ఆ శపథాన్ని రెండుసార్లు చెప్పించుకుని మరీ విన్నది.

సరస్సులో దిగగానే ఆయన పక్కనే ఒక పడవ బయలుదేరింది. ఈదుతున్నది నూటముప్పై మంది, పడవ ఆయనొక్కరికే! అందులోని లైఫ్‌గార్డు పది బారలకోసారి తాడు విసిరి, పట్టుకోండి తాతగారూ, మొహమాటపడకండి అని బతిమాలాడు. పట్టుకుంటే పోటీలోంచి తీసేస్తారు. ఆ తాడుకు అందకుండా బావగారు ఈదిన ఈత చూడాలి. ఇలాంటి కోచింగ్ ఎంత ఫీజు కడితే వస్తుంది?

ఒడ్డున కుర్చీ సిద్ధం. ఇద్దరు వలంటీర్లు ఆయన్ను కూర్చోబెట్టి చెరో బూటూ తొడిగారు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు. విప్పి మళ్లీ వేసుకునేసరికి రెండు నిమిషాలు పోయాయి. పోతే పోయాయి, పెళ్లినాడు కూడా ఆయనకు అంత మర్యాద జరగలేదు.

ఇక సైకిలు మీద ఉన్నంతసేపూ వెనకాలే అంబులెన్స్. ఆయన ఆఖరివాడేం కాదు, వెనక ఇంకా ముప్పై మంది ఉన్నారు. వాళ్లంతా దారి దొరక్క అంబులెన్స్ వెనక ఇరుక్కుపోయారు. పెద్దల పట్ల గౌరవం తగ్గిపోయిందనేవాళ్లు వచ్చి చూడాల్సిన దృశ్యం!

పరుగు మధ్యలో, మంచినీళ్ల బల్ల దగ్గర డాక్టరమ్మ బీపీ చూసింది. బాగానే ఉంది. నమ్మకం కుదరక మళ్లీ చూసింది. మళ్లీ బాగానే ఉంది. మెషీన్ పాడైందని తేల్చి ఆవిడ ఇంకోటి తెప్పిస్తుండగా, బావగారు చేతికి పట్టీతోనే పరుగందుకున్నారు.

నేను తువ్వాలు పట్టుకుని ఫినిషింగ్ గీత దగ్గరున్నాను. ఆయన మలుపు తిరిగేటప్పటికి గీత పక్కనున్న గడియారంలో గంటా యాభై ఏడు నిమిషాలు. నేను తువ్వాలు విప్పి సిద్ధంగా పట్టుకున్నాను. తీరా గీతకు నాలుగడుగుల దూరంలో నిర్వాహకులు చేతులు అడ్డం పెట్టారు.

"ఆగండి తాతగారూ. చీఫ్ గెస్ట్‌గారు టీ తాగుతున్నారు. ఆయనొచ్చి మీ చెయ్యి పట్టుకుని గీత దాటిస్తారు. ఫొటో బాగా వస్తుంది."

బావగారు ఆ చేతుల కిందనుంచి దూరి గీత దాటేశారు. పాపం తాతగారు కంగారుపడ్డారని అందరూ ముచ్చటగా నవ్వి, మెల్లగా వెనక్కి నడిపించి నిలబెట్టారు. టీ అయింది. రెండు గంటల పదకొండు నిమిషాలకు చీఫ్ గెస్ట్ చెయ్యి పట్టుకుని ఆయన రెండోసారి గీత దాటితే, ఆ చప్పట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

వెంటనే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. వయసు లావుపాటి అంకెల్లో ఉంది. టైము గడిలో మాత్రం అంకెలే లేవు. చక్కటి చేతిరాతతో "స్ఫూర్తిదాయకం" అని ఉంది.

బావగారు సర్టిఫికెట్లు ఇచ్చే బల్ల దగ్గరికి వెళ్లి తన టైమెంతని అడిగారు. ఈ వయసులో మీరు రావడమే మాకు పదివేలు, టైముతో మీకేం పని అంకుల్ అంది అక్కడున్న అమ్మాయి.

"రావడానికి కాదమ్మా, రెండు గంటల్లోపు రావడానికి ఏడాదిపాటు పొద్దున్నే లేచాను" అన్నారాయన. "ఆలస్యమైతే ఆలస్యమైందని రాయి, బాధపడను. ఇలా మాత్రం రాయకు."

ఆ అమ్మాయికి కళ్లు చెమర్చాయి. ఆయనతో సెల్ఫీ తీసుకుంది.

ఇంటికొచ్చాక అక్కయ్య సర్టిఫికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. నేను కళ్లారా చూశానంటే, నువ్వు ఆయన బావమరిదివి, నీ సాక్ష్యం చెల్లదంది. కాగితం మీద టైము ఉంటేనే సైకిలు ఉంటుందట. కొనేవాడు రేపు వస్తున్నాడు.

అక్కయ్యా, ఇదంతా అచ్చై నీ చేతికొచ్చిన ఈ పేపరు కూడా కాగితమే. బావగారి టైము: గంటా యాభై ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు. పాఠకులు దయచేసి చప్పట్లు కొట్టవద్దు.