దయచేసి నా లాప్‌టాప్ బాగుచేయకండి

ఏప్రిల్ ఇరవై ఒకటి, ఈస్టర్ మరునాడు. పండగనాటి కోడికూర వేడిచేసుకుని దోసెల్లోకి నంజుకున్నాను. చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ ఆన్ చేశాను. అది తెరుచుకునేసరికి మళ్ళీ ఆకలేసింది.

ఆ క్షణంలోనే నాకు సత్యం బోధపడింది. నెమ్మదిగా నడిచే లాప్‌టాప్‌ని మించిన వరం ఈ బెంగళూరులో ఇంకొకటి లేదు!

నవ్వకండి. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, రుజువు లేకుండా మాట్లాడను. నేను బటన్ నొక్కిన తరవాత తెర వెలిగేలోగా మొక్కలకి నీళ్ళు పోస్తాను, వెల్లుల్లి ఒలుస్తాను, కుక్కర్ పెడతాను. లాప్‌టాప్ చురుగ్గా ఉన్నవాళ్ళ ఇళ్ళలో మొక్కలు చూశారా? అన్నీ ప్లాస్టిక్‌వే!

వాట్సాప్‌లో మా చుట్టాలు పంపే రాజకీయాలకి ఘాటుగా జవాబు రాద్దామని కూర్చుంటాను. నేను కొట్టిన అక్షరం తెరమీదికి వచ్చేలోగా కోపం చల్లారిపోతుంది. ఎన్ని బంధుత్వాలు అలా నిలబడ్డాయో!

మొన్నొక పోలీసాఫీసర్ ఫోన్ చేశాడు. అంటే, ఆఫీసర్నని చెప్పుకున్నాడు. నా పేరున ఏదో పార్సిల్ పట్టుబడిందట. వెంటనే లాప్‌టాప్ తెరిచి బ్యాంకు పేజీలోకి వెళ్ళకపోతే అరెస్టట. "తెరుస్తున్నాను బాబూ," అన్నాను. నిజంగానే తెరుస్తున్నాను. తెరమీద చక్రం తిరుగుతోంది.

"ఇంకా ఎంతసేపు?" అని గద్దించాడు.

"తిరుగుతోంది," అన్నాను.

చివరికి గొంతు తగ్గించి, "ర్యామ్ మార్పించుకోండి సార్," అని సలహా ఇచ్చి వాడే పెట్టేశాడు. చెప్పండి, కొత్త లాప్‌టాప్ అయితే నా పెన్షన్ ఏమయ్యేది?

ఇన్ని మేళ్ళకీ కారణం ప్రింట్ స్పూలర్ అనే మహానుభావుడు. లాప్‌టాప్ లోపల కంటికి కనబడకుండా కూర్చుని, ప్రింట్ కొట్టిన కాగితాలన్నిటినీ వరసలో నిలబెట్టడం ఆయన ఉద్యోగం. ఆయన్ని కనిపెట్టింది మా పై అంతస్తు కుర్రాడు చైతు. ఖమ్మం అబ్బాయి, ఇక్కడే హూడిలో సాఫ్ట్‌వేర్. మూడు పూటలా డెలివరీ డబ్బాల్లోంచి తింటాడు.

"అంకుల్, బ్యాక్‌గ్రౌండ్‌లో ప్రింటింగ్ ప్రాసెస్ మొత్తం సీపీయూ తినేస్తోంది. క్యూలో ఒక జాబ్ స్టక్ అయింది. మీ ప్రింటర్ ఎక్కడ?"

ప్రింటర్ లేదు. నా భార్య మరియమ్మ పోయాక చర్చి సండేస్కూలుకి ఇచ్చేశాను. ఆ సంగతి లాప్‌టాప్‌కి ఎవరూ చెప్పలేదు. క్యూలో ఉన్నది నోవహు ఓడ బొమ్మ. పిల్లలు రంగులు వేసుకోవడానికి ఆమె ప్రింట్ కొడితే ఇంకు అయిపోయి ఆగింది. ఇంకు కొనేలోగా ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. అప్పట్నుంచీ ఈ యంత్రం ఇంట్లో లేని ప్రింటర్‌ని పిలుస్తూనే ఉంది. జవాబు రాదు. మళ్ళీ పిలుస్తుంది. దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

బొమ్మ పక్కన ఓనర్ అని మరియమ్మ పేరుంది. చైతు ఆ పేరు చదివాడు. నావైపు చూశాడు.

"ఇప్పటికి స్పూలర్ని ఆపేస్తా అంకుల్. మళ్ళీ స్టార్టయితే పిలవండి," అన్నాడు.

స్టార్టవదా మరి! లాప్‌టాప్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే చాలు, ఆయన డ్యూటీ ఎక్కేస్తాడు. అలా ఆదివారం సాయంత్రాలు చైతు రావడం, ఆపడం, నా చేతి కోడికూర తిని వెళ్ళడం అలవాటైంది.

కింద ఉండే ఇంటి ఓనరమ్మ అంజినమ్మగారికి ఇది అంతుపట్టలేదు. "ఏమప్పా సారూ, ఆదివారమొస్తే నీ పెట్టెకి రోగమొస్తాది, మా మెట్లమీద కోడికూర వాసనొస్తాది. రెండూ ఒగటేసారి ఎట్లొస్తాయప్పా?" అని మెట్లకింద నిలేసింది.

"సైన్సులో అలాంటివి ఉంటాయమ్మా," అన్నాను.

ఈ నగరం తీరు మీకు తెలియనిదేముంది? "బాబూ, ఒకసారి వచ్చి భోంచేసి వెళ్ళు," అనండి. "నెక్స్ట్ వీక్ పక్కా అంకుల్!" అంటారు. ఆ వీక్ ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు. అదే "సిస్టమ్ స్లో అయింది," అని చూడండి! వర్షంలో, సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌ని దాటుకుని వస్తారు. మనిషి నెమ్మదించాడంటే ఎవరూ రారు. యంత్రం నెమ్మదించిందంటే అందరూ డాక్టర్లే.

అలాగే వచ్చాడు మా మరియమ్మ అక్క కొడుకు జేమ్స్, అత్తిబెలె నుంచి. కుర్చీలో కూర్చోకుండానే టకటకా ఏవో ఫోల్డర్లు తెరిచాడు. నేను నోరు తెరిచేలోగా డిలీట్ కొట్టాడు.

"ఏదో ఓడ బొమ్మ బాబాయ్, అడ్డంగా కూర్చుంది. పోయింది! రెండు నిమిషాల పని. ఇన్నాళ్ళూ చూసినవాడెవడు? వాడికి పని రాదు."

థాంక్స్ చెప్పాను. ఏం చెప్పమంటారు? భోంచేయమంటే "ఈసారి పక్కా బాబాయ్," అని వెళ్ళిపోయాడు.

ఆ వారం నా లాప్‌టాప్ లేడిపిల్ల అయింది. నేను కళ్ళజోడు వెతుక్కునేలోగా తెరుచుకుని కూర్చునేది. రోజు మొత్తంలో చేయాల్సిన పనులన్నీ కాఫీ చల్లారేలోగా అయిపోయేవి. మిగిలిన రోజంతా ఎక్కడ పెట్టుకోవాలో ఆ లాప్‌టాప్ చెప్పలేదు.

ఆదివారం వచ్చింది. అలవాటుకొద్దీ కోడి తెచ్చాను. పొయ్యిమీద పెట్టాక భయం పట్టుకుంది. బాగుపడిందని చెబితే ఆ అబ్బాయి ఎందుకొస్తాడు? చెప్పకపోతే, చర్చి నుంచి వచ్చిన పూటే అబద్ధమా?

నేను పిలవకుండానే వచ్చాడు. "స్టార్టయిందా అంకుల్?"

"లేదు నాయనా. జేమ్స్ బాగుచేసేశాడు," అన్నాను.

చైతు కూర్చుని క్యూ తెరిచాడు. ఖాళీ.

"ఓడ ఏది?"

"తీసేశాడు."

చైతు మరియమ్మ ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాడు. "ఫైల్ ఉంది అంకుల్. ఆయన తీసింది క్యూలోంచే," అన్నాడు. ఓడని తెరిచాడు. ఇంట్లో లేని ప్రింటర్ని ఎంచుకుని ప్రింట్ నొక్కాడు.

లాప్‌టాప్‌లో ఫ్యాన్ గుర్రుమంది. చక్రం తిరగడం మొదలైంది.

"అయ్యో, మళ్ళీ స్లో అయింది," అన్నాడు ముఖంలో ఏ మార్పూ లేకుండా. "ఇవాళ తేలేలా లేదు. నెక్స్ట్ సండే చూడాలి."

"వాడికి పని రాదు అన్నాడు మా జేమ్స్."

"కరెక్టే అంకుల్. కూర అయిందా?"

ఇద్దరం తిన్నాం. అడుగంటిన గ్రేవీ కూడా మిగల్చలేదు. ఆ తరవాత కుర్చీలో కళ్ళు మూసుకుని ఆ ఫ్యాన్ చప్పుడు వింటున్నాను. నిద్రపోయాననుకున్నాడేమో, చైతు కంచాలు సింకులో పెట్టి, లైటు ఆర్పి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి వెళ్ళాడు.